కుళాయి నీళ్ల మీద నమ్మకం ఎలా కుదిరిందంటే

మా ఇంట్లో బాటిల్ నీళ్లు కొనడం మానేశామని తెలిసినవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ ఫిల్టర్ పెట్టించారు?" జవాబు చెప్పడానికి నేను తొందరపడను. మా ఇంటికి సరిపోయిన ఫిల్టర్ మరో ఇంటికి పనికిరాకపోవచ్చు, ఒక్కోసారి లేని ధీమా ఇచ్చి హాని కూడా చేయవచ్చు. కుళాయిలో వచ్చే నీళ్లలో ఏముందో తెలిస్తేనే వాటిలోంచి ఏం తీసేయాలో తెలుస్తుంది. మేము ఆ వరుసలోనే నడిచాం కాబట్టి మళ్లీ బాటిళ్ల వైపు చూడాల్సిన అవసరం రాలేదు. ఆ వివరమంతా ఇక్కడ రాస్తున్నాను.

మానేయాలన్న ఆలోచన చెత్త చూసి వచ్చింది. వంటింటి చెత్తసంచిలో ఎప్పుడు చూసినా ఖాళీ బాటిళ్లే ఎక్కువ చోటు ఆక్రమించేవి. ప్రపంచమంతటా నిమిషానికి దాదాపు పది లక్షల నీళ్ల బాటిళ్లు అమ్ముడవుతున్నాయని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం 2023లో వెలువరించిన నివేదిక చెబుతోంది. అది చదివాక ఆ సంచిని మామూలుగా చూడలేకపోయాను. పాత ప్లాస్టిక్ కొనేవాళ్లకు ఇస్తున్నాం కదా అని సర్దిచెప్పుకోవడానికీ వీల్లేదు. అలా ఇచ్చిన ప్రతి బాటిలూ మళ్లీ బాటిల్ కాదు. చాలా వాటిని కరిగించి దారంగానో మరో వస్తువుగానో మారుస్తారు, ఆ వస్తువు పాడయ్యాక మళ్లీ చెత్తే.

చెత్త ఒక్కటే కారణమైతే ఇంకొన్నాళ్లు అలాగే సాగేవాళ్లమేమో. మమ్మల్ని నిజంగా కదిలించినవి మరో రెండు సంగతులు. బాటిళ్లలో అమ్మే నీళ్లన్నీ కొండ ఊటల నుంచి రావు. పేరున్న బ్రాండ్లలో కూడా చాలావాటికి మూలం పురపాలక సరఫరా నీరే. దాన్ని మళ్లీ వడగట్టి, ఖనిజాలు సరిచేసి, సీలు వేస్తారు. అంటే ఆ పనిలో మాకు అవసరమైన భాగాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండోది 2024 జనవరిలో వెలువడిన అధ్యయనం. కొలంబియా, రట్గర్స్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు అమెరికాలో అమ్మే మూడు బ్రాండ్ల నీళ్లను లేజర్ల సాయంతో పరిశీలించి, లీటరులో సగటున సుమారు 2,40,000 ప్లాస్టిక్ రేణువులు ఉన్నాయని లెక్కగట్టారు. అందులో దాదాపు తొంభై శాతం మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి. ఈ రేణువులు ఒంట్లో ఏం చేస్తాయో ఇంకా తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019 నివేదికలో ఆధారాలు పరిమితమని, పరిశోధన పెరగాలని చెప్పింది. కాబట్టి ఎవరినీ భయపెట్టను. కానీ సీలు వేసిన మూత కింద ఉన్నవన్నీ అచ్చమైన నీళ్లేనన్న భావన మాత్రం ఆ రోజుతో పోయింది. దానికి తోడు, ఈ బాటిళ్ల ప్లాస్టిక్ తయారీలో వాడే ఆంటిమొనీ అనే మూలకం వేడి పెరిగేకొద్దీ నీళ్లలోకి ఎక్కువగా దిగుతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేసిన బాటిల్ తీసి తాగే అలవాటు మా ఇంట్లో అందరికీ ఉండేది. ముందుగా మానుకున్నది దాన్నే.

తర్వాత నీటి పరీక్ష. ఈ పని ఎవరూ సరదాగా చేయరు, చాలామంది చేయనే చేయరు. నా అభిప్రాయంలో మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన పని ఇదే. ల్యాబ్ వాళ్లు రెండు బాటిళ్లు ఇచ్చారు. సూక్ష్మజీవుల పరీక్షకు ఇచ్చిన చిన్న బాటిల్ అడుగున కొంచెం తెల్లటి పొడి ఉంది. దాన్ని కడిగేయవద్దని అక్కడి ఉద్యోగిని మరీ మరీ చెప్పారు.

"అది సోడియం థయోసల్ఫేట్ అండి. మీ నీళ్లలో ఉన్న క్లోరిన్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. లేకపోతే ఇక్కడికి తెచ్చేలోపు క్లోరిన్ తన పని చేసుకుపోతుంది, కుళాయి దగ్గర ఉన్న క్రిములు మాకు కనిపించవు" అన్నారు.

నీళ్లు పట్టడానికి కూడా పద్ధతి ఉంది. కుళాయికి జాలీ ఉంటే విప్పేసి, మూతిని శుభ్రం చేసి, నీళ్లను కొన్ని నిమిషాలు వదిలేశాక పట్టాలి; మూత లోపలి వైపు వేలు తగలకూడదు; చల్లగా ఉంచి, ఒక రోజు దాటకుండా ల్యాబ్‌కు చేర్చాలి. సీసం పరీక్షకు పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. రాత్రంతా గొట్టంలో కదలకుండా నిలిచిన నీళ్లు కావాలి, అందుకని తెల్లవారి ఎవరూ కుళాయి తిప్పకముందే మొట్టమొదటి ధారను పట్టాలి. సీసం సాధారణంగా నది నుంచో చెరువు నుంచో రాదు, పాత గొట్టాలు, అతుకులు, ఇత్తడి అమరికల నుంచి వస్తుంది. నీళ్లు ఎంతసేపు నిలిస్తే అంత ఎక్కువగా కరుగుతుంది. ఇది విన్నప్పటి నుంచి పొద్దున్నే మొదటి ధారను తాగడానికి పట్టడం మానేశాం. ఆ నీళ్లు మొక్కలకు పోతాయి. గీజర్ నుంచి వచ్చే వేడి నీళ్లు వంటకు వాడటం కూడా ఆగింది, వేడి నీటిలో లోహాలు ఇంకా తేలిగ్గా కరుగుతాయి.

నివేదిక వచ్చాక దాన్ని చదవడం నేర్చుకోవాల్సి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దులను పక్కన పెట్టుకుని ఒక్కో వరుసా చూశాను. ఈ.కోలై బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆర్సెనిక్, సీసం ఒక్కొక్కటి 10 మైక్రోగ్రాముల లోపు ఉండాలి. మా నీళ్లు అన్నిటిలోనూ హద్దుల లోపలే ఉన్నాయి. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు సుమారు 300 మిల్లీగ్రాములు. ఇది 600 లోపు ఉన్న నీళ్లు తాగడానికి రుచిగా ఉంటాయని, 1,000 దాటితే రుచి చెడుతుందని అదే సంస్థ చెబుతుంది. మాకు మిగిలిన చిక్కులు మూడే: క్లోరిన్ వాసన, పాత గొట్టాల తుప్పు రేణువులు, మిద్దె మీది ట్యాంకులో ఎప్పుడైనా క్రిములు చేరవచ్చన్న అనుమానం. ఇంతకాలం మేము డబ్బు పెట్టి తప్పించుకున్నది ఈ మూడింటినే.

ఫిల్టర్ల గురించి అడగడం మొదలుపెట్టగానే అందరూ ఆర్‌ఓ (రివర్స్ ఆస్మోసిస్, అంటే ఒత్తిడితో నీళ్లను సన్నటి పొర గుండా పంపి లవణాలు తీసేసే పద్ధతి) అన్నారు. ఇంటికి వచ్చిన ఒక విక్రేత రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో కుళాయి నీళ్లు, మరోదాంట్లో తన యంత్రం నీళ్లు పోసి, లోహపు కడ్డీలున్న పరికరాన్ని రెండింట్లోనూ ముంచి కరెంటు పెట్టాడు. కాసేపట్లో కుళాయి నీళ్లు ముదురు గోధుమ రంగుకు తిరిగి, పైన నురుగు తేలింది. రెండో గ్లాసు తేటగానే ఉంది. "మీరు రోజూ తాగుతున్నది ఇదీ మేడమ్" అన్నాడు. నేను ముందే చదివి ఉన్నాను కాబట్టి, ఆ తేట నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కరెంటు పెట్టమన్నాను. అవీ అదే రంగుకు తిరిగాయి. ఆ రంగు నీళ్లలోది కాదు, ఇనుప కడ్డీది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు సరిగా పారదు కాబట్టి కడ్డీ కరగదు. ఆరోగ్యానికి మేలు చేసే కాల్షియం, మెగ్నీషియం ఉన్నా సరే నీళ్లు ఆ పరీక్షలో మురికిగానే కనిపిస్తాయి. ఆ ప్రదర్శన చూసి భయపడి యంత్రం కొన్న కుటుంబాలు ఎన్నో ఉంటాయి. నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ వస్తుంది.

చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు గురించి కూడా ఒక మాట. అది కొలిచేది కరెంటు ఎంత పారుతోందన్నదే. క్రిములు దానికి కనిపించవు, పురుగుమందులు కనిపించవు. 10 మైక్రోగ్రాములంటే మిల్లీగ్రాములో వందో వంతు. 300 మిల్లీగ్రాముల లవణాల మధ్య అంత సీసం పెరిగినా తగ్గినా మీటరులో అంకె కదలదు. అది చూపే అంకె తక్కువగా ఉందని నిశ్చింతగా ఉండటం, ఎక్కువగా ఉందని కంగారుపడటం రెండూ అనవసరం.

ఆర్‌ఓ చెడ్డదని నేను అనడం లేదు. మా పెదనాన్నగారి అమ్మాయి బోరు నీళ్లు వాడుతుంది. నన్ను అడిగినప్పుడు తనను కూడా ముందు ల్యాబ్‌కే పంపాను. నైట్రేట్ హద్దు దాటి ఉందని తేలింది. ఇంట్లో నెలల పిల్లవాడు ఉన్నాడు. పాలపొడిని అలాంటి నీళ్లలో కలిపి పడితే పసిపిల్లల రక్తానికి ప్రాణవాయువు మోసే శక్తి తగ్గిపోయే ప్రమాదం ఉంది.

"మరిగించి చల్లార్చి వాడితే సరిపోదా అక్కా?" అని అడిగింది.

సరిపోదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, నైట్రేట్ మాత్రం ఎక్కడికీ పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. ఫ్లోరైడ్, ఆర్సెనిక్‌ల సంగతీ అంతే. మా ఇంట్లో ఉన్న కార్బన్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) ఫిల్టర్ కూడా నైట్రేట్‌ను తీయలేదు. తనకు ఆర్‌ఓ తప్పనిసరి, పెట్టించుకుంది. అయితే ఆర్‌ఓలో ఒక లీటరు మంచినీళ్లు రావాలంటే అంతకు మించి, చాలా యంత్రాల్లో రెండు మూడు లీటర్ల నీళ్లు ఉప్పు మోసుకుని బయటికి పోతాయి. మా నివేదిక చూశాక, లేని జబ్బుకు అంత నీటిని వదులుకోవడానికి మనసు ఒప్పుకోలేదు.

మేము పెట్టించింది మూడు దశలది. మొదట తుప్పు, మట్టి ఆపే వడపోత. తర్వాత కార్బన్. దాని వెనుక అతినీలలోహిత కాంతి దీపం. కార్బన్ గురించి చదువుతున్నప్పుడు ముచ్చటేసింది. ఒక్క గ్రాము కార్బన్‌లో కంటికి కనిపించని రంధ్రాల గోడలన్నీ పరిస్తే వందల చదరపు మీటర్లు వస్తాయి. వాసన ఇచ్చే పదార్థాలు ఆ గోడలకు అంటుకుంటాయి, క్లోరిన్ అక్కడ చర్య జరిపి నశిస్తుంది. దీపం 254 నానోమీటర్ల కాంతితో క్రిముల జన్యుపదార్థాన్ని దెబ్బతీసి, అవి పెరగకుండా చేస్తుంది. నీళ్లు మసకగా ఉంటే రేణువుల చాటున క్రిములు దాక్కుంటాయి కాబట్టి దీపం చివర్లోనే ఉండాలి. ప్లంబర్ అమర్చాక మొదటి కొన్ని లీటర్లు పారబోయించాడు. కొత్త కార్బన్ నుంచి నల్లటి పొడి రావడం మామూలే.

ఇక్కడ క్లోరిన్ తరఫున కూడా మాట్లాడాలి. దాని వాసన నాకు నచ్చదు, కానీ 1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో తాగునీటికి నిరంతరంగా క్లోరిన్ కలపడం మొదలైన తర్వాత ఆ పద్ధతి ఎందరినో టైఫాయిడ్, కలరాల నుంచి కాపాడింది. శుద్ధి కేంద్రం నుంచి మన కుళాయి దాకా దారి పొడవునా నీళ్లకు కాపలా అదే. కార్బన్ దాన్ని తీసేస్తుంది కాబట్టి వడగట్టిన నీళ్లకు ఇక కాపలా ఉండదు. అందుకే మేము ఫిల్టర్ నీళ్లను రోజుల తరబడి నిల్వ ఉంచం. ఆ రోజుకు కావాల్సినవి పట్టుకుంటాం, మిగిలినవి మర్నాడు వంటలోకి పోతాయి.

ఇంట్లో అందరికంటే ఆలస్యంగా ఒప్పుకున్నది నాన్నగారు. "సీలు లేని నీళ్లను ఏం చూసి నమ్మాలమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఒకసారి కలుషిత నీళ్ల వల్ల ఆయన ఆసుపత్రి పాలయ్యారు, ఆ భయం ఊరికే పోదు. నివేదిక ఆయన చేతికిచ్చి, కూర్చుని ఒక్కో వరుసా వివరించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని అంతా చదివి, "బాటిల్ నీళ్లకు ఇలాంటి కాగితం మనం ఎప్పుడైనా చూశామా?" అన్నారు. చూడలేదు. అప్పటి నుంచి ల్యాబ్‌కు తీసుకెళ్లే పని ఆయనే చూసుకుంటున్నారు. పిల్లలకు మాత్రం నమ్మకం సమస్య కాదు, రుచి సమస్య. కొన్నాళ్లు "ఈ నీళ్లు వేరుగా ఉన్నాయి" అన్నారు. చల్లబరిస్తే తేడా తక్కువగా తెలుస్తుంది. అలా ఇస్తూ పోతే ఆ మాట దానంతటదే ఆగిపోయింది.

బాటిళ్ల ఎంపిక మీద నేను చాలా సమయం పెట్టాను. మా పాత ప్లాస్టిక్ బాటిళ్లనే మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. అవి ఒక్కసారి వాడకానికి చేసినవి, పలుచటివి. గీతలు పడతాయి, వేడి నీళ్లతో కడిగితే వంకర పోతాయి, సన్నటి మూతిలోకి బ్రష్ దూరదు. మేము 304 రకం స్టీలు తీసుకున్నాం. దీన్నే 18/8 అంటారు, పద్దెనిమిది శాతం క్రోమియం, ఎనిమిది శాతం నికెల్ ఉంటుంది. పిల్లలకు ఒంటి గోడ ఉన్నవి, తేలిగ్గా ఉంటాయని. నాకు రెండు గోడల మధ్య గాలి తీసేసిన రకం, 1892లో జేమ్స్ డ్యూయర్ కనిపెట్టిన ఫ్లాస్కు సూత్రమే అది. కొనేటప్పుడు నేను చూసినవి రెండే: చేయి కాకపోయినా కనీసం బ్రష్ అడుగుదాకా వెళ్లాలి, మూతలోని రబ్బరు వాషరు ఊడదీయడానికి రావాలి. ఊడిరాని వాషరు ఉన్న మూత ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఎందుకంటే మురికి చేరేది అక్కడే. పెదవులు తగిలిన ప్రతిసారీ నోటిలోని క్రిములు బాటిల్‌లోకి వెళ్తాయి, తడిగా ఉన్న వాషరు కింద జిగట పొరలా పెరుగుతాయి. నీళ్లే కదా అని బాటిల్‌ను జాడించి పెట్టేస్తే చాలదు. రోజూ రాత్రి సబ్బు, వేడి నీళ్లు, బ్రష్. మూత విడిగా, వాషరు విడిగా కడిగి, బోర్లించి పూర్తిగా ఆరనిస్తాం. వారానికోసారి వంటసోడా నీళ్లలో నానబెడతాం. క్లోరిన్ బ్లీచు మాత్రం స్టీలుకు వాడకూడదు, చిన్న చిన్న గుంటలు పడి తుప్పు మొదలవుతుంది. ఈ కడుగుడు పనికి ఓపిక లేకపోతే ఈ పద్ధతి సాగదు, ముందే చెప్పేస్తున్నాను. మా ఇంట్లో వంతులు వేసుకున్నాం.

ఒక్కొక్కరికి ఒక్క బాటిలే. స్టీలు తయారీకి చాలా శక్తి ఖర్చవుతుంది, ఏళ్ల తరబడి వాడినప్పుడే దానికి న్యాయం జరుగుతుంది. రంగులు బాగున్నాయని అల్మారా నిండా చేర్చుకుంటే మళ్లీ కొనుగోలు జబ్బే. ఫిల్టర్ కార్ట్రిడ్జ్ కూడా ప్లాస్టిక్‌దే. అది కూడా ఒకనాటికి చెత్త అవుతుంది. 2024 అధ్యయనంలో కనిపించిన నైలాన్ రకం రేణువులు బహుశా నీళ్లను శుద్ధి చేసే ప్లాస్టిక్ ఫిల్టర్ల నుంచే వచ్చి ఉంటాయని ఆ శాస్త్రవేత్తలే అన్నారు. కాబట్టి మా ఇంట్లో ప్లాస్టిక్ పూర్తిగా పోయిందని చెప్పను, బాగా తగ్గిందని మాత్రం నమ్మకంగా చెబుతాను. కార్ట్రిడ్జ్ బిగించిన తేదీని దాని మీదే రాసి ఉంచుతాం. నీళ్లు రుచిగానే ఉన్నాయని గడువు దాటించకూడదు, పాతబడిన కార్బన్ క్రిములకు గూడు అవుతుంది. దీపం కూడా అంతే. వెలుగుతూనే ఉంటుంది కానీ, దాని క్రిమినాశక శక్తి క్రమంగా తగ్గిపోతుంది.

ఇల్లు దాటాక కథ వేరు. ఎక్కడ నింపుకోవాలో తెలియని ప్రయాణాల్లో ఇంటి నుంచి పెద్ద బాటిల్ ఒకటి అదనంగా తీసుకెళ్తాం, బస చేసిన చోట నీళ్లను మరిగించుకుంటాం. నీళ్లు బుడబుడమని ఒక నిమిషం పొంగితే చాలు, 2,000 మీటర్లకు మించిన ఎత్తులో మూడు నిమిషాలు. ఏ దారీ లేనప్పుడు సీలు బాటిల్ కొంటాను, అందుకు బాధపడను. వరదలు వచ్చినప్పుడు, గొట్టాలు పగిలి మురుగు కలిసినప్పుడు ఆ బాటిళ్లే ప్రాణాలు నిలుపుతాయి. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014లో నీటి వనరు మార్చాక గొట్టాల్లోని సీసం కుళాయిల్లోకి దిగింది, అక్కడి ప్రజలు ఏళ్ల తరబడి బాటిళ్ల మీదే బతకాల్సి వచ్చింది. వాళ్లకు వెళ్లి బాటిల్ మానేయమని ఎవరు చెప్పగలరు? ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2010 జులై 28న సురక్షితమైన తాగునీటిని మానవ హక్కుగా గుర్తించింది. కుళాయిలోకే మంచి నీళ్లు రావాలని అడగడం ఆ హక్కులో భాగం. డబ్బున్నవాళ్లం ఇంట్లో ఫిల్టర్ పెట్టుకుని ఊరుకుంటే ఆ అడిగే గొంతు ఒకటి తగ్గుతుంది.

అందుకే ఆఫీసులో ఈ మాట ఎత్తాను. సమావేశాల్లో ఒక్కొక్కరి ముందు ఒక్కో చిన్న బాటిల్ పెట్టేవారు, సగం తాగి వదిలేసినవి గంపల కొద్దీ మిగిలేవి. నాతో పాటు మరికొందరు ఉద్యోగులు సంతకాలు చేశారు. ముందు నీటి పరీక్ష, తర్వాత తగిన ఫిల్టర్, బాటిల్ పట్టేంత ఎత్తులో కుళాయి అడిగాం. యాజమాన్యం ఒప్పుకుంది, బల్లల మీద గాజు గ్లాసులు వచ్చాయి. పరీక్ష నివేదికను కుళాయి పక్కన గోడకు అతికించమని పట్టుబట్టాను, అతికించారు. అందులో సీసం వరుస లేదు. భవనం పాతది కాబట్టి ఈసారి పరీక్షలో దాన్ని కూడా చేర్చాలని, ఉదయం ఎవరూ రాకముందు మొదటి ధారనే పట్టాలని నిర్వహణ విభాగానికి రాసి ఇచ్చాను. వచ్చే వారం నమూనా తీస్తామన్నారు. ఆ రోజు తొందరగా వెళ్లి దగ్గరుండి పట్టిస్తాను.